ఎగియాలిలో గది ఎక్కడ తీసుకోవాలి: రేవులోనా, కొండ మీదా?

గ్రీస్‌లోని అమోర్గోస్ దీవిలో, ఎగియాలి రేవులో రాత్రి ఒంటిగంట దాటాక ఓడ దిగాం. గది ఇచ్చినాయన మెసేజ్‌లో రాసింది ఒకటే ముక్క: రేవు నుంచి పదిహేను నిమిషాల నడక. అందులో అబద్ధమేమీ లేదు. ఆ పదిహేను నిమిషాల్లో ముప్పాతిక వంతు మెట్లేనన్న సంగతి మాత్రం రాయలేదు. మెట్ల మీద సూట్‌కేసుకి చక్రాలున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మా ఆయన దాన్ని బియ్యం బస్తాలా భుజానికెత్తుకున్నాడు. నేను ఫోన్ లైటు పట్టుకుని ముందు నడిచాను. మూడోసారి ఆయాసం తీర్చుకోవడానికి ఆగి వెనక్కి తిరిగితే, కింద అఖాతం మొత్తం కనబడింది. రేవు దీపాలు నీళ్లలో వణుకుతున్నాయి. మమ్మల్ని దింపిన ఓడ అప్పుడే వెనక్కి తిరుగుతోంది. తిట్టుకోవాలో మురిసిపోవాలో తేల్చుకోలేక ఇద్దరం కాసేపు మెట్టు మీదే కూర్చుండిపోయాం.

ఆ ఊరి పేరు పొతమోస్. రెండేళ్ల తర్వాత అదే అఖాతానికి అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని వెళ్లాం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఈసారి రేవు ఊళ్లోనే దిగాం. ఈ రెండు ప్రయాణాల మధ్య ఎవరు అడిగినా చెప్పిన మాటే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఎగియాలిలో ఏం చూడాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఎగియాలి అంటే ఒక రేవు ఊరూ, దాని పైన కొండ మీది మూడు ఊళ్లూ. ఈ నాలుగూ మూడు కిలోమీటర్ల లోపే ఉన్నాయి, అన్నీ చూసేస్తారు. రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారన్నదే ప్రశ్న.

ముందు దీవి సంగతి. అమోర్గోస్ గ్రీస్‌లోని సైక్లడీస్ దీవుల్లో తూర్పు కొసన ఉంటుంది. మ్యాపులో చూస్తే ములక్కాడలా సన్నగా, పొడుగ్గా, కాస్త వంకరగా కనబడుతుంది. జనాభా 2000 లోపు. విమానాశ్రయం లేదు. ఏథెన్స్ దగ్గరి పిరేయస్ నుంచో, నాక్సోస్, సాంతోరిని లాంటి దీవుల నుంచో ఓడలోనే రావాలి. ఇలాంటి చిన్న దీవికి రేవులు మాత్రం రెండు. మధ్యలో కతాపొలా, ఉత్తరాన ఎగియాలి. గ్రీకులు పలికేటప్పుడు ఇది "ఎయాలి" అని వినిపిస్తుంది. సముద్రపు ఒడ్డు అని ఆ మాటకి అర్థం.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. టికెట్ కొనేటప్పుడు దీవి పేరు చూస్తారు, రేవు పేరు చూడరు. రెండు రేవుల మధ్య కొండ దారిలో 20 కిలోమీటర్ల పైనే ఉంటుంది. పగలైతే బస్సు దొరుకుతుంది. అర్ధరాత్రి దిగితే టాక్సీ వెతుక్కోవాలి, ఈ దీవిలో టాక్సీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కొన్ని ఓడలు రెండు రేవుల్లోనూ ఆగుతాయి, కొన్ని ఒక్కదాంట్లోనే. గది బుక్ చేశాక టికెట్ కొంటారో, టికెట్ కొన్నాక గది చూస్తారో మీ ఇష్టం, రెండింటి మీదా ఒకే రేవు పేరు ఉందో లేదో మాత్రం చూసుకోండి.

కతాపొలా అఖాతం చుట్టూ కూడా మూడు చిన్న వాడలున్నాయి. అసలు అటే ఎందుకు వెళ్లకూడదు? వెళ్లొచ్చు. మీకు ఉన్నది రెండే రోజులై, దీవికి ముఖ్య ఊరైన హోరా, దాని దగ్గరి హొజోవియోటిస్సా మఠమూ చూడటమే పనైతే కతాపొలాలోనే దిగండి. హోరా అక్కడికి దగ్గర. చుట్టుపక్కల బుల్లి దీవులన్నీ తిరిగే స్కోపెలీతిస్ అనే చిన్న ఓడకి కూడా కతాపొలాయే సొంతిల్లు. హోరాలోనే ఉందామంటే అదీ మంచి ఊరే, తెల్లటి సందులు, గాలిమరల వరుస, రాతి గుట్ట మీద పాత కోట, అన్నీ ఉన్నాయి. సముద్రం మాత్రం బస్సెక్కితేనే. ఎగియాలి వైపు మొగ్గడానికి నాకు రెండు కారణాలు. ఒకటి, రేవు నుంచి దిగగానే మొదలయ్యే పొడుగాటి ఇసుక తీరం. రాళ్లూ గులకలే ఎక్కువైన ఈ దీవిలో అలాంటి తీరం అరుదు. రెండు, నడక. నాలుగు రోజులకి తగ్గకుండా ఉండేవాళ్లకి ఎగియాలి ఇచ్చినంత కతాపొలా ఇవ్వదు.

ఇక నాలుగు ఊళ్లు. పేర్లలోనే సగం జాతకం ఉంది. ఓర్మోస్ అంటే ఓడలు నిలిచే చోటు, అంటే రేవు. పొతమోస్ అంటే ఏరు. లంగాదా అంటే కొండల మధ్య లోయ. థొలారియా పేరు ఆ పక్కన దొరికిన రోమన్ల కాలపు కమాను కప్పు సమాధుల మీదుగా వచ్చింది. పాత ఊళ్లు మూడూ ఎత్తు మీదే ఉన్నాయి. వెనకటి రోజుల్లో సముద్రపు దొంగల భయంతో ఒడ్డున కాపురం పెట్టే ధైర్యం ఎవరికుండేది? దొంగల బెడద పోయాకే ఇళ్లు కిందికి దిగాయి.

ఓర్మోస్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దుకాణాలు, బేకరీ, ఏటీఎం, బండ్లు అద్దెకిచ్చేవాళ్లు, బస్సు ఆగే చోటు, అన్నీ జెట్టీకి ఐదు నిమిషాల్లో. తీరం దగ్గర నీళ్లు చాలా దూరం మోకాళ్ల లోతే, ఈత రానివాళ్లు కూడా నిశ్చింతగా దిగొచ్చు. ఒడ్డున నీడకి టామరిస్క్ చెట్లున్నాయి, చూడటానికి మన సరుగుడులా సన్నాకులతో. మా మామయ్యగారు ఆ చెట్ల కింద తువ్వాలు పరుచుకుని రోజుకి రెండు కునుకులు తీసేవారు. అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని నీళ్లలో నిలబడేవారు, సూర్యలంకలో నిలబడినట్టే. లోటేమిటంటే, ఆగస్టులో ఓర్మోస్‌లో రాత్రి చప్పుడెక్కువ. ఓడ వచ్చే వేళకి బండ్ల సందడి, తీరం పొడుగునా బార్లు. గది రెండో వరుసలో, తీరానికి కాస్త వెనగ్గా తీసుకుంటే నిద్ర పడుతుంది.

పిల్లలున్నవాళ్లూ, పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లూ, అర్ధరాత్రి ఓడలో దిగేవాళ్లూ ఇక్కడితో చదవడం ఆపేసి ఓర్మోస్‌లో గది చూసుకోవచ్చు.

పొతమోస్ ఓర్మోస్ నెత్తి మీదే ఉంటుంది. కింది పొతమోస్, పై పొతమోస్ అని రెండు ముక్కలు. అఖాతం పడమటికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి సూర్యాస్తమయం ఇక్కడి నుంచి చూడాల్సిందే. పక్కనే ఉన్న నికూరియా అనే ఖాళీ దీవి నల్లబడుతుంది, నీళ్లు రాగి రంగుకి తిరుగుతాయి. లోపల బండి తిరగదు, అన్నీ మెట్ల సందులే. తినడానికి చోట్లు బహు తక్కువ. రోజూ సముద్రంలోకి దిగాలనుకునేవాళ్లకి ఇక్కడ ఒక చిక్కు ఉంది: దిగడం హాయి, స్నానం చేసి, తిని, ఎండలో మళ్లీ ఎక్కడమే కష్టం. మూడో రోజుకి మేము పొద్దున దిగితే మళ్లీ రాత్రికే ఎక్కడం మొదలుపెట్టాం. పెళ్లైన కొత్తలో, లేదా ఒక్కరే పుస్తకాల సంచీతో వస్తే, పొతమోస్ బంగారం. మోకాళ్లు సణిగేవాళ్లకి వద్దు.

లంగాదా దగ్గర నా కలం ఆగదు, ముందే చెబుతున్నాను. రేవు నుంచి రోడ్డు మీద మూడు కిలోమీటర్లు ఉంటుంది. బస్సు ఊరి మొదట్లో దింపేస్తుంది, అక్కడి నుంచి మళ్లీ మెట్లే. అయితే ఇవి పొతమోస్ మెట్లలా నిటారుగా ఊపిరాడనివ్వనివి కావు. సందు వంపు తిరిగినప్పుడల్లా ఒక అరుగు, అరుగు మీద ఒక కుండీ, కుండీ పక్కన పిల్లి. కింద పరిచిన రాతి పలకల చుట్టూ సున్నంతో తెల్లటి గీతలు గీసి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఊరంతా ముగ్గేశారనుకున్నాను. దగ్గరగా వంగి చూస్తే ఏ పలక ఆకారం ఎలా ఉంటే గీత అలా తిరిగింది, ఒకచోట బ్రష్షు జారి బొట్టు పడితే దాన్నే చిన్న పువ్వు చేసి వదిలేశారు. ఈస్టర్ ముందు ఇళ్లకీ దారులకీ కొత్త సున్నం వేస్తారు, సంక్రాంతికి మనం వేసినట్టే.

ఊరి పైన రాతి గోడలాంటి కొండ ఉంది. దాని బొరియలో తెల్లగా ఒక గుడి అతుక్కుని కనబడుతుంది, అయియా త్రియాదా. సముద్రపు దొంగలు వచ్చినప్పుడు జనం దాక్కున్న చోటది. ఊరి నుంచి కాసేపు ఎక్కితే చేరుకోవచ్చు. ఇంకా పైకి, ఇంకా దూరం నడిచే ఓపికుంటే థియోలోగోస్ అనే పాత రాతి మఠం దాకా, అక్కడి నుంచి క్రికెలోస్ కొండ పక్కగా స్తవ్రోస్ అనే చిన్న గుడి దాకా దారి పోతుంది. ఆ చివరి భాగం ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకి కాదు. క్రికెలోస్ ఎత్తు 800 మీటర్ల పైచిలుకు, దీవిలో అదే అన్నిటికన్నా పెద్ద కొండ.

లంగాదాలో సాయంత్రం ఆరు దాటాక పగటి సందర్శకులు బస్సెక్కి వెళ్లిపోతారు. అప్పుడు ఊరు తన మాట తను మాట్లాడుకోవడం మొదలుపెడుతుంది. కాఫీ కొట్టు ముందు ముసలాళ్లు కుర్చీలు సందులోకి లాక్కుంటారు, మనం వెళ్లాలంటే కాళ్లు ముడుచుకుంటారు. ఒకసారి అలా కాళ్లు ముడుచుకున్నాయన చేత్తో కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ముందు చిన్న గ్లాసు పెట్టారు. ప్సిమేని అంటారు దాన్ని, రాకీ అనే అక్కడి సారాని పంచదారా తేనే వేసి, దాల్చినచెక్క, లవంగాలతో కాచింది. గ్లాసు ఎత్తకముందే లవంగం వాసన వచ్చింది. మందు ముట్టనివాళ్లు వద్దని గుండె మీద చెయ్యి పెట్టుకుని చెబితే చాలు, ఎవరూ బలవంతం చేయరు.

నడవడానికే వచ్చేవాళ్లకి లంగాదా కన్నా మంచి మకాం లేదు. లోటుందా? ఉంది. సముద్రం కిందెక్కడో ఉంటుంది. బస్సు వేళలు మీకోసం మారవు, సీజన్ కానప్పుడు మరీ తక్కువ. జూలై, ఆగస్టుల్లో వీచే మెల్తేమి అనే ఉత్తర గాలి ఎత్తు మీద గట్టిగా తగులుతుంది, రాత్రి కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి.

థొలారియా అవతలి గట్టు మీద ఉంటుంది, రేవు నుంచి అదీ మూడు కిలోమీటర్లే. లంగాదా అంత అలంకారం దీనికి లేదు. పక్కన ప్రాచీన ఎగియాలి నగరం ఉన్న గుట్ట ఉంది, దాని పేరు విగ్లా. ఇప్పుడు మిగిలిన రాళ్లు తక్కువ, శిథిలాల కోసమని మాత్రం ఇక్కడ మకాం పెట్టకండి. వెనక వైపు నుంచి కిందికి దిగితే మిక్రి వ్లిహాదా అనే చిన్న తీరం వస్తుంది. దిగడం బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. నా మటుకు నాకు థొలారియా రాత్రి భోజనానికి వెళ్లి రావాల్సిన ఊరు. అక్కడే ఉన్న స్నేహితులు మాత్రం ఈ మాట వింటే ఒప్పుకోరు, లంగాదా కన్నా అదే నయమంటారు. జనం తక్కువ, ఆకాశం ఎక్కువ అని వాళ్ల వాదన.

ఎక్కడ ఉన్నా ఒక రోజు ఈ నాలుగింటినీ కలిపి నడవండి. ఓర్మోస్ నుంచి లంగాదాకి పాత గాడిద దారి ఎక్కి, అక్కడి నుంచి లోయ చుట్టూ తిరిగి, ఎపనోహోరియానీ మేరీమాత గుడి మీదుగా థొలారియా చేరి, మళ్లీ రేవుకి దిగడం. ఆగకుండా అయితే మూడు గంటల పని, కానీ ఆగకుండా ఎవరుంటారు? పొద్దున్నే బయల్దేరి, లంగాదాలో కాఫీ, థొలారియాలో మధ్యాహ్న భోజనం పెట్టుకోండి. ఆ గుడికి ఆగస్టు 15న పెద్ద జాతర జరుగుతుంది. ఆ వారంలో గది కావాలంటే నెలల ముందే చూసుకోవాలి.

పెద్ద నడక ఇంకోటి ఉంది, పాలియా స్త్రాతా. పాత బాట అని అర్థం. రోడ్డు పడక ముందు హోరాకీ ఎగియాలికీ మధ్య మనుషులూ గాడిదలూ తిరిగిన దారి. నాలుగైదు గంటలు పడుతుంది, నీడ అసలు లేదు. ఎగియాలిలో మకాం ఉన్నవాళ్లకి ఇందులో ఒక సుఖం ఉంది. పొద్దున బస్సులో హోరా వెళ్లి, మఠం చూసుకుని, అక్కడి నుంచి ఇంటి వైపు నడవొచ్చు. దారి పొతమోస్ మీదుగా దిగి, నేరుగా ఓర్మోస్ ఇసుకలో ముగుస్తుంది. బూట్లు విప్పి నీళ్లలోకి దిగడమే. సగం దారిలో అస్ఫొందిలీతిస్ అనే పాడుబడ్డ పల్లె వస్తుంది, అక్కడి రాళ్ల మీద వందేళ్లకి ముందు చెక్కిన మనుషుల బొమ్మలు వెతుక్కోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లకి తగ్గొద్దు. మఠంలోకి మగవాళ్లు ప్యాంటుతో, ఆడవాళ్లు పొడుగు లంగాతో వెళ్లాలి, నిక్కర్లతో రానివ్వరు. కొండ చరియకి బల్లిలా అతుక్కున్న ఆ తెల్లటి కట్టడానికి 11వ శతాబ్దం నుంచీ చరిత్ర ఉంది. వెడల్పు మహా అయితే ఐదు మీటర్లు, మెట్లు సుమారు మూడొందల యాభై. అత్తయ్యగారు కింద నుంచే దణ్ణం పెట్టారు.

ఓర్మోస్ తీరం చాలదనుకుంటే ఉత్తరం వైపు కాలిబాటలో లెవ్రోసోస్, ఆ తర్వాత ప్సిలీ అమోస్ ఉన్నాయి. రెండోదాంట్లో బట్టల్లేకుండా స్నానం చేసేవాళ్లు కనబడొచ్చు. అత్తమామలతో వెళ్లేవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదవండి.

తిండి విషయంలో నాలుగు ఊళ్లకీ పెద్ద తేడా లేదు. దీవి పేరు చెప్పుకునే వంటకం పతతాతో, మేక మాంసమూ బంగాళాదుంపలూ టమాటాతో ఉడికించేది, పేరు బట్టి దుంపకూర అనుకునేరు. శాకాహారులకి ఫావా ఉంది. పసుపుపచ్చ పప్పుని మెత్తగా ఉడికించి మెదిపి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసిస్తారు. అత్తయ్యగారు ఉల్లిపాయలు పక్కకి నెట్టి, నిమ్మకాయ పిండి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది ముద్దపప్పే కదమ్మా, పోపు మర్చిపోయారు" అన్నారు. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, గెమిస్తా అంటే అన్నం కూరిన టమాటాలు. గెమిస్తాలో మాంసం వేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి "హోరిస్ క్రెయాస్?" అని అడగండి, మాంసం లేకుండా అని అర్థం. "నిస్తీసిమో" అనే మాట చూసి మాత్రం మోసపోవద్దు. అది ఉపవాసపు తిండి, అందులో మాంసం, గుడ్లు, పాలు ఉండవు గానీ రొయ్యలూ ఆక్టోపస్సూ ఉండొచ్చు.

బండి గురించి ఒక మాట. లంగాదాలోనో థొలారియాలోనో ఉంటే స్కూటర్ కావాలనిపిస్తుంది. మన దగ్గర ఇచ్చిన లైసెన్సు ఒక్కటే అక్కడ చెల్లదు, బయల్దేరే ముందే ఆర్టీయే ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. కారు లైసెన్సు చూపించి పెద్ద స్కూటర్ అడిగితే ఇవ్వకూడదు. ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి, పడితే ఇన్సూరెన్సు మొహం చాటేస్తుంది. ఓర్మోస్‌లో ఉంటే బస్సుతోనే గడిచిపోతుంది.

భూకంపాల గురించి కూడా అడుగుతారు. 1956 జూలై 9న ఇక్కడ పెద్ద భూకంపం వచ్చింది, వెంటనే సునామీ కూడా. 2025 ఫిబ్రవరిలో సాంతోరినికీ అమోర్గోస్‌కీ మధ్య సముద్రంలో వారాల తరబడి భూమి కదిలి, బడులు మూసేశారు. ఆ తర్వాత అది తగ్గింది. దీనికోసం ప్రయాణం మానుకోమని నేను చెప్పను. ఒడ్డున ఉన్నప్పుడు గట్టిగా కదిలితే ఫోన్ చూస్తూ కూర్చోకుండా పొతమోస్ మెట్లెక్కాలని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలంటే, నడకకి మే, స్నానానికి సెప్టెంబరు. మేలో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, నీళ్లు చల్లగా కొరుకుతాయి. సెప్టెంబరులో నీళ్లు వెచ్చన, కొండలు ఎండిపోయి గోధుమ రంగు. అక్టోబరు సగం దాటితే పై ఊళ్లలో తలుపులు ఒక్కొక్కటీ మూసుకుంటాయి, అప్పుడు లంగాదా బుక్ చేస్తే రాత్రి భోజనానికి రేవుకి దిగాల్సి రావచ్చు.

వారం రోజులుంటే నేను చేసేది ఇది: మొదటి రాత్రీ చివరి రాత్రీ ఓర్మోస్‌లో, మధ్యవన్నీ లంగాదాలో. ఓడ వేళల గొడవ రేవులోనే తీరిపోతుంది, మిగతాదంతా కొండ మీద. సామాను మార్చుకోవడం విసుగనిపిస్తే, మోకాళ్లనడిగి ఏదో ఒకటి తేల్చుకోండి.

బుక్ చేసే ముందు ఇంటివాళ్లకి రెండు ప్రశ్నలు పంపండి. బండి గుమ్మం దాకా వస్తుందా? రాకపోతే ఎన్ని మెట్లు? ఎంత దూరమని అడగొద్దు, దూరానికి అక్కడ ఎవరి లెక్క వాళ్లది. "పోసా స్కాలియా?" అంటే చాలు, ఎన్ని మెట్లు అని. మొన్న లంగాదాలో ఒకామెకి ఇదే పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది, లెక్కపెట్టి వచ్చినట్టుంది: అరవై నాలుగు. బుక్ చేసేశాం.